షేర్‌పాయింట్ షేర్డ్ లైబ్రరీలో ఒకరికి ఫైల్ ఓపెన్ అవ్వట్లేదంటే ముందు ఇన్హెరిటెన్స్ ఎక్కడ తెగిందో చూడండి

"నాకు ఈ ఫైల్ ఓపెన్ అవ్వట్లేదండి, యాక్సెస్ డినైడ్ అంటోంది" అని మెసేజ్ రాగానే మనలో చాలామంది చేసే పని ఏంటంటే, ఆ ఫైల్ మీద షేర్ నొక్కి వాళ్ళ పేరు కొట్టి పంపించేయడం. అర నిమిషంలో పని అయిపోతుంది, వాళ్ళు థాంక్స్ చెప్తారు, మనం వేరే పనిలో పడతాం. కానీ ఆ ఒక్క షేర్ తో ఆ ఫైల్ లైబ్రరీ నుంచి వేరుపడిపోయింది, ఇకమీదట లైబ్రరీ పర్మిషన్స్ లో మీరేం మార్చినా దానికి తగలదు, పైగా అసలు ఆ మనిషికి ఎందుకు ఓపెన్ అవ్వలేదో మీకు ఇప్పటికీ తెలియదు కాబట్టి రేపు పక్క ఫైల్ కి మళ్ళీ అదే మెసేజ్ వస్తుంది.

నేను పనిచేసిన ఒక చోట ఇలాగే అడిగిన ప్రతి ఒక్కరికీ ఫైల్ ఫైల్ గా ఇచ్చుకుంటూ పోయారు, తర్వాత ఒకాయన ఆ టీమ్ నుంచి వెళ్ళిపోతే ఆయన్ని సైట్ మెంబర్స్ లోంచి తీసేసి అయిపోయింది అనుకున్నారు, కొన్ని నెలల తర్వాత చూస్తే ఆయన పేరు ఇంకా చాలా ఫైల్స్ మీద అలాగే ఉంది. అవన్నీ ఒక్కొక్కటిగా తియ్యడానికి నేను కూర్చున్నాను కాబట్టి చెప్తున్నాను, ఇన్హెరిటెన్స్ (పైనుంచి కిందికి పర్మిషన్స్ వాటంతట అవే దిగడం) తెగిన చోటు వెతకడానికి పట్టే పది నిమిషాలు ఆ తర్వాత పట్టే రోజుల ముందు ఏమీ కాదు.

కింద చెప్పేదంతా షేర్‌పాయింట్ ఆన్‌లైన్ డాక్యుమెంట్ లైబ్రరీ గురించి, అంటే ఆఫీస్ ఫైల్స్ పెట్టుకుని పంచుకునే మైక్రోసాఫ్ట్ సర్వీస్ గురించి. మైక్రోసాఫ్ట్ టీమ్స్ లో ఫైల్స్ ట్యాబ్ కింద కనపడేది కూడా వెనకాల షేర్‌పాయింట్ లైబ్రరీయే కాబట్టి దానికీ ఇదే. మామూలు విండోస్ సర్వర్ లో షేర్డ్ ఫోల్డర్ ఐతే లెక్క కొంచెం వేరు, దాని గురించి చివర్లో రెండు ముక్కలు చెప్తాను.

ముందు ఇది అర్థం చేసుకోండి, లేకపోతే స్టెప్స్ ఉపయోగపడవు

సైట్, దాని కింద లైబ్రరీ, దాని కింద ఫోల్డర్, ఫోల్డర్ లో ఫోల్డర్, చివరికి ఫైల్. మీరు ఏమీ ముట్టుకోకపోతే సైట్ కి ఇచ్చిన పర్మిషన్సే కాలవలో నీళ్ళు దిగినట్టు కిందిదాకా దిగుతాయి. మధ్యలో ఎక్కడైనా ఎవరైనా స్టాప్ ఇన్హెరిటింగ్ పర్మిషన్స్ నొక్కితే అక్కడ అడ్డుకట్ట పడుతుంది, ఆ కట్ట కింద ఉన్నవన్నీ సైట్ మాట వినవు, ఆ ఫోల్డర్ మాటే వింటాయి. అంటే లైబ్రరీకి పర్మిషన్ ఇచ్చాను కదా ఇంకా ఎందుకు రావట్లేదు అని మీరు తల పట్టుకునే సందర్భాల్లో ఎక్కువ శాతం మధ్య ఫోల్డర్ ఏదో వేరుపడి ఉంటుంది. కొత్తగా అప్‌లోడ్ చేసిన ఫైల్ కూడా తను ఏ ఫోల్డర్ లో పడిందో దాని పర్మిషన్సే తీసుకుంటుంది, లైబ్రరీవి కాదు.

ఇక్కడ ఎక్కువమంది పొరపాటు పడే సంగతి ఒకటుంది. ఇన్హెరిటెన్స్ తెంపిన క్షణంలో పైన ఉన్న లిస్ట్ మొత్తం కిందికి కాపీ అవుతుంది, ఖాళీ అవ్వదు. అందుకే తెంపిన రోజు ఏ తేడా కనపడదు, అందరికీ అన్నీ ఓపెన్ అవుతూనే ఉంటాయి. పైగా లిస్ట్ లో గ్రూప్ ఉంటే కాపీ అయ్యేది ఆ గ్రూప్ పేరే, అందులోని మనుషుల పేర్లు కాదు. అంటే ఆ లిస్ట్ లో సైట్ మెంబర్స్ గ్రూప్ ఉంటే, మీరు రేపు ఆ గ్రూప్ లోకి ఒక కొత్త మనిషిని చేర్చినా వాళ్ళకి ఆ వేరుపడ్డ ఫోల్డర్ కూడా ఓపెన్ అవుతుంది. దాంతో అబ్బే ఇక్కడ ఏం తెగలేదు అనుకుంటాం. కానీ సైట్ కి మీరు కొత్తగా ఇంకో గ్రూప్ ని చేర్చారనుకోండి, లేదా ఒక గ్రూప్ కి రీడ్ ఉన్నదాన్ని ఎడిట్ కి మార్చారనుకోండి, ఆ మార్పు మాత్రం ఆ ఫోల్డర్ దగ్గరే ఆగిపోతుంది. పాతవాళ్ళందరికీ బానే ఉంది, కొత్తగా వచ్చిన టీమ్ వాళ్ళకే రావట్లేదు అనే కంప్లైంట్ వచ్చిందంటే నేను ముందు అనుమానించేది దీన్నే.

ఇంకోటి, ఇన్హెరిటెన్స్ తెంపడానికి ఎవరూ ఆ బటన్ నొక్కాల్సిన పనిలేదు. ఒక ఫైల్ ని స్పెసిఫిక్ పీపుల్ అనో, ఆర్గనైజేషన్ లో అందరికీ అనో, ఎనీవన్ అనో లింక్ చేసి పంపితే ఆ ఫైల్ దానంతట అదే వేరుపడుతుంది. పీపుల్ విత్ ఎగ్జిస్టింగ్ యాక్సెస్ అనే లింక్ ఒక్కటే దేన్నీ కదిలించదు, అది ఉత్త అడ్రస్ లాంటిది. ఇంకా చెప్పాలంటే ఆ లింక్ ని తర్వాత తీసేసినా ఫైల్ తిరిగి వచ్చి పైదానితో కలవదు, వేరుపడింది వేరుపడినట్టే ఉండిపోతుంది, మీరే వెళ్ళి కలపాలి.

స్టెప్ 1: ఏమీ మార్చకండి, సరిగ్గా అడగండి

అవతలివాళ్ళు "ఓపెన్ అవ్వట్లేదు" అంటే దానర్థం చాలా రకాలుగా ఉండొచ్చు. అసలు ఫైల్ లిస్ట్ లో కనపడట్లేదా, కనపడి నొక్కితే డినైడ్ వస్తోందా, ఓపెన్ అయ్యి ఎడిట్ అవ్వట్లేదా, బ్రౌజర్ లో బాగుండి కంప్యూటర్ లో సింక్ అయిన ఫోల్డర్ లో సేవ్ అవ్వట్లేదా? ఈ నాలుగూ నాలుగు వేరే జబ్బులు. స్క్రీన్‌షాట్ అడగండి, అందులో పైన కుడి మూల ఏ అకౌంట్ తో లాగిన్ అయ్యారో కూడా పడేటట్టు. ఆ మూల చూస్తే తేలిపోయే కేసులు ఎన్నో, ముఖ్యంగా బయటివాళ్ళని గెస్ట్ గా పిలిచినప్పుడు మనం ఆఫీస్ మెయిల్ కి ఇన్వైట్ పంపుతాం, వాళ్ళ బ్రౌజర్ లో సొంత మెయిల్ లాగిన్ అయ్యుంటుంది, దాంతో డినైడ్ అంటుంది, ఇక్కడ పర్మిషన్ లో తప్పేం లేదు.

తర్వాత, ఆ ఒక్కరికేనా ఇంకెవరికైనా కూడానా అని అడగండి. ఒక్కరికే ఐతే ఆ మనిషి ఏ గ్రూపులో ఉన్నారో చూడాలి, ఒక టీమ్ మొత్తానికి ఐతే ఫోల్డర్ వైపు చూడాలి. అలాగే ఆ ఒక్క ఫైలేనా, ఫోల్డర్ లో అన్నీనా? ఈ రెండు జవాబులు వచ్చాయంటే సగం పని అయిపోయినట్టే.

ఇంకో మాట, నాకు ఓపెన్ అవుతోంది కదా మీకెందుకు అవ్వదు అనకండి. మీరు సైట్ కలెక్షన్ అడ్మిన్ (సైట్ మొత్తం మీద పూర్తి అధికారం ఉన్నవాళ్ళు) ఐతే మీకు అన్నీ ఓపెన్ అవుతాయి, ఆ ఫైల్ మీద మీ పేరు లేకపోయినా సరే. మీ అకౌంట్ తో చేసే టెస్ట్ దేనికీ సాక్ష్యం కాదు.

స్టెప్ 2: ఫైల్ దగ్గర చెక్ పర్మిషన్స్ నొక్కండి

ఫైల్ పక్కన మూడు చుక్కలు నొక్కి మేనేజ్ యాక్సెస్ కి వెళ్ళండి. అక్కడ పీపుల్, గ్రూప్స్, లింక్స్ అని విడివిడిగా కనపడతాయి, ఒకసారి మూడూ చూడండి, కానీ అక్కడే ఆగిపోకండి, ఎందుకంటే పర్మిషన్ ఎక్కడినుంచి వచ్చిందో ఆ చిన్న ప్యానెల్ సరిగ్గా చెప్పదు. అదే ప్యానెల్ లో పైన ఉన్న మూడు చుక్కల్లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ ఉంటుంది, అది నొక్కితే పాతకాలం పేజీ ఒకటి వస్తుంది. చూడ్డానికి బాగోదు గానీ మనకి కావలసింది అదే.

ఆ పేజీ పైన పసుపు రంగు పట్టీలో ఒక వాక్యం ఉంటుంది. ఇది పైదాని నుంచి పర్మిషన్స్ తీసుకుంటోంది అనో, దీనికి యూనిక్ పర్మిషన్స్ ఉన్నాయి అనో. ముందు అది చదవండి. తర్వాత పైన రిబ్బన్ లో చెక్ పర్మిషన్స్ నొక్కి ఆ మనిషి పేరు కొట్టండి. వాళ్ళకి ఏ లెవెల్ ఉందో, ఆ లెవెల్ ఏ గ్రూప్ ద్వారా వచ్చిందో కూడా చెప్తుంది, ఉదాహరణకి ఎడిట్ ఉంది, ఫలానా మెంబర్స్ గ్రూప్ ద్వారా వచ్చింది అని. ఈ రెండో ముక్క బంగారం లాంటిది, దాన్ని కాగితం మీద రాసుకోండి.

వచ్చే జవాబు బట్టి దారి మారుతుంది. ఏమీ లేదు అని వస్తే ఎక్కడో తెగింది లేదా ఆ మనిషి ఏ గ్రూప్ లోనూ లేరు, స్టెప్ 3 కి వెళ్ళండి. రీడ్ అని వచ్చి వాళ్ళు ఎడిట్ అవ్వట్లేదని అంటుంటే అది తెగడం కాదు, లెవెల్ సరిపోలేదు అంతే. ఎడిట్ ఉంది అని చూపిస్తూ కూడా ఓపెన్ అవ్వకపోతే మాత్రం పర్మిషన్స్ జోలికి వెళ్ళకండి, తిన్నగా స్టెప్ 6 కి వెళ్ళిపోండి.

స్టెప్ 3: కింద నుంచి పైకి ఎక్కండి

ఫైల్ తను పైనుంచి తీసుకుంటోంది అని చెప్తే దాని ఫోల్డర్ దగ్గరికి వెళ్ళి అదే పేజీ ఓపెన్ చెయ్యండి, ఆ ఫోల్డర్ కూడా తీసుకుంటోంది అంటే దాని పై ఫోల్డర్, అలా యూనిక్ అనే మాట మొదటిసారి కనపడే దాకా ఎక్కండి. అక్కడే కట్ట ఉంది. ఆ ఫైల్ ని నిజంగా ఏలుతున్నది ఆ ఫోల్డరే, లైబ్రరీ కాదు.

పైనుంచి కిందికి రావాలనుకుంటే ఇంకో దారి ఉంది. లైబ్రరీ సెట్టింగ్స్ లోకి వెళ్ళి మోర్ లైబ్రరీ సెట్టింగ్స్, అందులో పర్మిషన్స్ ఫర్ దిస్ డాక్యుమెంట్ లైబ్రరీ. ఇందులో కొన్ని ఐటమ్స్ కి వేరే పర్మిషన్స్ ఉన్నాయి అని పసుపు పట్టీలో చెప్తూ పక్కన షో దీస్ ఐటమ్స్ అని లింక్ ఇస్తుంది, అది నొక్కితే వేరుపడ్డ ఫోల్డర్లు, ఫైల్స్ లిస్ట్ వస్తుంది. మొదటిసారి ఆ లిస్ట్ చూసినప్పుడు కళ్ళు తిరుగుతాయి, మనం ఎప్పుడూ ముట్టుకోని ఫైల్స్ కూడా అందులో ఉంటాయి, అవన్నీ లింకుల పుణ్యమే. కంగారు పడి అన్నీ కలిపేయకండి, ఇప్పుడు మీకు కావలసిన దారిలో ఉన్న ఒక్క ఫోల్డర్ ని మాత్రం పట్టుకోండి.

ఫైల్ నుంచి లైబ్రరీ దాకా ఎక్కడా తెగకపోతే లైబ్రరీ కూడా సైట్ నుంచి తీసుకుంటోందో లేదో చూడండి, చాలాసార్లు లైబ్రరీనే ఎప్పుడో తెంపేసి ఉంటారు. టీమ్స్ లో ఐతే ఇంకోటి గుర్తుంచుకోవాలి, ప్రైవేట్ ఛానెల్, షేర్డ్ ఛానెల్ ఫైల్స్ ఈ సైట్ లో ఉండవు, వాటికి విడిగా వేరే సైట్ ఉంటుంది. మెయిన్ టీమ్ లో మనిషిని చేర్చి ప్రైవేట్ ఛానెల్ ఫైల్ ఓపెన్ అవ్వట్లేదేంటని వెతికితే ఎన్ని రోజులైనా దొరకదు.

స్టెప్ 4: కలపాలా, అక్కడే సరిచెయ్యాలా

తెగిన చోటు దొరికింది కదా అని వెంటనే డిలీట్ యూనిక్ పర్మిషన్స్ నొక్కకండి. ఈ గైడ్ మొత్తంలో నేను గట్టిగా చెప్పేది ఇదే. ఆ బటన్ నొక్కితే ఆ ఫోల్డర్ మీద విడిగా పెట్టిన లిస్ట్ మొత్తం పోయి పైదాని లిస్ట్ వచ్చేస్తుంది, వెనక్కి తెచ్చే బటన్ లేదు. అది జీతాల ఫోల్డరో, ఎవరి పనితీరు మీదో రాసిన నోట్స్ ఉన్న ఫోల్డరో ఐతే ఒక్క క్లిక్ తో సైట్ లో ఉన్న అందరి ముందూ పెట్టేసినట్టు. యాక్సెస్ రాక ఒకరు పని ఆపుకుని కూర్చోవడం ఒక ఇబ్బంది, చూడకూడనిది అందరూ చూడటం దాన్ని మించిన ఇబ్బంది, మొదటిది సరిచెయ్యడానికి రెండోది తెచ్చుకోకండి.

ముందు రెండు ట్యాబ్స్ ఓపెన్ చేసుకోండి, ఒకదాంట్లో వేరుపడ్డ ఫోల్డర్ పర్మిషన్స్ పేజీ, ఇంకోదాంట్లో దాని పైదాని పేజీ. రెండిటికీ స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. పైన ఉండి కింద లేని గ్రూపులు ఏవి, కింద ఉండి పైన లేని పేర్లు ఏవి? పైన ఉండి కింద లేనివాళ్ళకి కలపగానే కొత్తగా తలుపు తెరుచుకుంటుంది. కింద మాత్రమే ఉన్నవాళ్ళు కలపగానే బయటికి పోతారు. ఈ రెండు లిస్టులూ ఆ ఫోల్డర్ ఎవరిదో వాళ్ళకి చూపించి అడగండి, ఇది కావాలని వేరు చేశారా లేక అలా అయిపోయిందా అని. ఫోల్డర్ పేరు మామూలుగా ఉందని లోపల మామూలుగా ఉంటుందని మీరే తేల్చుకోవద్దు.

కావాలని చేసింది కాదు, కింద విడిగా ఉన్న పేర్లూ అవసరం లేదు అంటే ధైర్యంగా కలిపేయండి. కలిపాక ఆ ఫోల్డర్ లోపల మళ్ళీ విడిగా వేరుపడినవి ఏమైనా మిగిలాయేమో షో దీస్ ఐటమ్స్ లో ఇంకోసారి చూడండి, పెద్ద ఫోల్డర్ ని కలిపాం కదా లోపలివన్నీ కలిసిపోయి ఉంటాయి అనుకోవద్దు.

కావాలని చేసిందే ఐతే కలపకుండా అక్కడే గ్రాంట్ పర్మిషన్స్ తో చేర్చండి, కానీ మనిషి పేరు కాదు, గ్రూప్ పేరు చేర్చండి. ఇవాళ ఒక్కరే కదా అనిపిస్తుంది, నిజమే, కానీ ఆ ఒక్కరి చోటికి రేపు ఇంకొకరు వస్తారు, అప్పుడు గ్రూప్ లో పేరు మారిస్తే చాలు, ఫోల్డర్ ముట్టుకోనక్కర్లేదు. గ్రాంట్ చేసేటప్పుడు షో ఆప్షన్స్ తెరిచి లెవెల్ ఏం ఇస్తున్నారో చూసుకోండి, చూసుకోకపోతే చదవడానికి అడిగినవాళ్ళకి ఎడిట్ వెళ్ళిపోయే ప్రమాదం ఉంది.

ఒక అడ్డంకి కూడా చెప్పాలి. లైబ్రరీలో గానీ ఫోల్డర్ లో గానీ 1,00,000 కంటే ఎక్కువ ఐటమ్స్ ఉంటే దాని మీద ఇన్హెరిటెన్స్ తెంపనివ్వదు, తెగి ఉంటే కలపనివ్వదు కూడా. లోపలి ఫైల్ మీద ఐతే చెయ్యొచ్చు. అంత పెద్ద లైబ్రరీ ఉన్నవాళ్ళు ఆ అంకె దాటకముందే సర్దుకోవాలి.

స్టెప్ 5: లిమిటెడ్ యాక్సెస్ చూసి భయపడకండి, తీసెయ్యకండి

పర్మిషన్స్ పేజీలో కొన్ని పేర్ల పక్కన లిమిటెడ్ యాక్సెస్ అని ఉంటుంది. ఇది మీరు ఇచ్చేది కాదు, లోపల ఎక్కడో ఒక ఫైల్ మీద ఒకరికి పర్మిషన్ ఇస్తే, వాళ్ళు అక్కడిదాకా వెళ్ళడానికి సిస్టమ్ పైన లైబ్రరీకి, సైట్ కి దానంతట అదే పెట్టుకునే దారి. దీంతో వాళ్ళకి లైబ్రరీ అంతా కనపడదు. ఇదేంటి ఈయన పేరు ఇక్కడుంది అని శుభ్రం చేసే ఉద్దేశంతో దాన్ని తీసేశారనుకోండి, లోపల ఆ ఫైల్ మీద వాళ్ళకున్న పర్మిషన్ కూడా దాంతోపాటే పోతుంది. కాబట్టి ఆ లైన్ ఎందుకు వచ్చిందో తెలిసేదాకా దాన్ని అలా ఉండనివ్వండి.

లింక్ నొక్కితే ఓపెన్ అవుతోంది కానీ లైబ్రరీలోకి వెళ్ళి వెతికితే కనపడట్లేదు అని కూడా చాలామంది అడుగుతారు. దానికి కారణం ఇదే. లోపలి ఫోల్డర్ మీద పర్మిషన్ ఉంది, మధ్యలో ఉన్న ఫోల్డర్ మీద లేదు, లేని ఫోల్డర్ వాళ్ళకి కనపడదు కాబట్టి మెట్లు దిగి లోపలికి రాలేరు, తిన్నగా లింక్ తో వస్తేనే వస్తారు. ఇది తప్పు కాదు, అలాగే పనిచెయ్యాలి. వాళ్ళకి ఆ లింక్ ని బుక్‌మార్క్ చేసుకోమని చెప్పండి, మధ్య ఫోల్డర్ కి రీడ్ ఇచ్చేస్తే పోతుంది కదా అనుకుంటే అందులో ఉన్న మిగతావన్నీ కూడా చూపించినట్టే అవుతుంది.

ఎక్కువమందికి కనపడుతోంది అనే ఎదురు కంప్లైంట్ వస్తే కూడా ఇదే చెక్ పర్మిషన్స్ మీకు దిక్కు. ఒక మనిషికి రెండు మూడు గ్రూపుల ద్వారా పర్మిషన్ వస్తే అన్నీ కలిసి ఎక్కువది నిలబడుతుంది, ఒక గ్రూప్ లోంచి తీసేసినా ఇంకోదాని ద్వారా వస్తూనే ఉంటుంది, లైబ్రరీలో వద్దు అని అడ్డం పెట్టే ఆప్షన్ లేదు కాబట్టి ఎక్కడినుంచి వస్తోందో అక్కడే ఆపాలి. ఎవరికీ ఇవ్వలేదండి అని ప్రమాణం చేసే చోట చూస్తే ఎవ్రీవన్ ఎక్సెప్ట్ ఎక్స్‌టర్నల్ యూజర్స్ (బయటివాళ్ళు తప్ప ఆఫీస్ లో అందరూ) అనే పేరు మెంబర్స్ గ్రూప్ లో కూర్చుని ఉంటుంది, సైట్ ని పబ్లిక్ అని పెట్టినప్పుడు అదే వచ్చి చేరుతుంది. సైట్ ని ప్రైవేట్ కి మార్చి ఆ పేరు పోయిందో లేదో చూడండి. అది చేశాక లింక్స్ కూడా చూడటం మర్చిపోకండి, ఆర్గనైజేషన్ లో అందరికీ పనిచేసే లింక్ ఒకటి ఎవరిదగ్గరో ఉంటే గ్రూపులు ఎంత శుభ్రం చేసినా లాభం లేదు.

స్టెప్ 6: పర్మిషన్ అంతా బాగుంది, అయినా రావట్లేదు

ఇక్కడికి వచ్చారంటే పర్మిషన్ మీద కోపం తీసేసుకోవాలి, తప్పు వేరే చోట ఉంది. నేను చూసే వరుస ఇది.

చెక్ ఔట్. ఎడిట్ అయ్యేదాకా ఫైల్ ని ఒకరు తమ పేర పట్టి ఉంచడం చెక్ ఔట్, పని అయ్యాక వదిలేయడం చెక్ ఇన్. ఎవరో ఫైల్ ని అప్‌లోడ్ చేసి ఒక్కసారి కూడా చెక్ ఇన్ చెయ్యకపోతే అది వాళ్ళకి తప్ప ఇంకెవరికీ కనపడదు, మీరు అడ్మిన్ ఐనా మామూలు లిస్ట్ లో కనపడదు. లైబ్రరీ సెట్టింగ్స్ లో మేనేజ్ ఫైల్స్ విచ్ హ్యావ్ నో చెక్డ్ ఇన్ వెర్షన్ అని ఉంటుంది, అందులోకి వెళ్ళి ఓనర్‌షిప్ తీసుకుని చెక్ ఇన్ చేస్తే అందరికీ వస్తుంది.

డ్రాఫ్ట్. వెర్షనింగ్ సెట్టింగ్స్ లో డ్రాఫ్ట్ ఐటమ్ సెక్యూరిటీ అని ఒకటుంది. కంటెంట్ అప్రూవల్ (ఒకరు ఒప్పుకున్నాకే ఫైల్ అందరికీ కనపడే ఏర్పాటు) పెట్టి ఉన్నా, డ్రాఫ్ట్స్ ఎడిట్ చెయ్యగలిగేవాళ్ళకే అని పెట్టి ఉన్నా, రీడ్ మాత్రమే ఉన్నవాళ్ళకి పబ్లిష్ అయిన పాత వెర్షనే కనపడుతుంది, ఒక్కసారి కూడా పబ్లిష్ అవ్వకపోతే అసలు ఫైలే కనపడదు. నాకు పాతది కనపడుతోంది, తనకి కొత్తది కనపడుతోంది అనే గొడవలకి కారణం ఇది.

సింక్. బ్రౌజర్ లో ఎడిట్ అవుతోంది, కంప్యూటర్ లో సింక్ అయిన ఫోల్డర్ మీద తాళం గుర్తు ఉంది, సేవ్ అవ్వట్లేదు. లైబ్రరీలో చెక్ ఔట్ తప్పనిసరి అని పెడితే, సింక్ చేసే వన్‌డ్రైవ్ ఆ లైబ్రరీని రీడ్ ఓన్లీగానే దింపుతుంది. దీనికి పర్మిషన్ ఎంత పెంచినా తాళం ఊడదు, ఆ సెట్టింగ్ తీస్తేనే ఊడుతుంది.

లేబుల్. ఫైల్ కి ఎన్‌క్రిప్షన్ ఉన్న సెన్సిటివిటీ లేబుల్ (ఫైల్ ఎంత రహస్యమో చెప్పే గుర్తు) ఉంటే లైబ్రరీ పర్మిషన్ ఒకటి, ఫైల్ లోపలి తాళం ఇంకొకటి. రెండూ ఉంటేనే తెరుచుకుంటుంది.

మళ్ళీ పుట్టిన అకౌంట్. ఇది తక్కువగా వస్తుంది కానీ వచ్చినప్పుడు బుర్ర తినేస్తుంది. ఒకరి అకౌంట్ డిలీట్ చేసి మళ్ళీ అదే మెయిల్ తో కొత్తగా క్రియేట్ చేస్తే, పేరు అదే, మెయిల్ అదే, కానీ లోపలి ఐడీ వేరు. సైట్ దగ్గర పాత ఐడీ గుర్తుండిపోతుంది కాబట్టి చెక్ పర్మిషన్స్ అన్నీ ఉన్నాయంటుంది, ఆ మనిషికి మాత్రం డినైడ్ వస్తుంది. సైట్ యూజర్ లిస్ట్ లోంచి వాళ్ళ పాత ఎంట్రీని తీసేసి మళ్ళీ గ్రూప్ లో చేర్చాలి. తీసే ముందు వాళ్ళు ఏ గ్రూపుల్లో ఉన్నారో, విడిగా ఏ ఫైల్స్ మీద ఉన్నారో రాసుకోండి, ఎంట్రీ తీసేస్తే ఆ సైట్ లో వాళ్ళ పేరు మీద ఉన్నవన్నీ పోతాయి.

ఇవేవీ కాకపోతే టైం ఇవ్వండి. సెక్యూరిటీ గ్రూప్ లో ఇప్పుడే చేర్చిన మనిషికి వెంటనే రాకపోవచ్చు, సైన్ ఔట్ అయ్యి మళ్ళీ రమ్మనండి. సెర్చ్ లో ఐతే అది చూసుకునే జాబితా, అంటే ఇండెక్స్ కూడా మారాలి కాబట్టి ఫైల్ తిన్నగా ఓపెన్ అవుతూ సెర్చ్ లో మాత్రం రాకపోతే కాసేపు ఆగండి, ఆ తొందరలో మళ్ళీ షేర్ నొక్కకండి.

స్టెప్ 7: మిగతా లైబ్రరీ సంగతి

ఒక ఫోల్డర్ లో ఇలా ఉందంటే మిగతా చోట్ల కూడా ఉంటుంది. సైట్ ఓనర్ గా సెట్టింగ్స్ లో సైట్ యూసేజ్ పేజీకి వెళ్తే షేర్డ్ విత్ ఎక్స్‌టర్నల్ యూజర్స్ అనే చోట రన్ రిపోర్ట్ ఉంటుంది. పేరు చూసి బయటివాళ్ళ గురించే అనుకోకండి, సైట్ లో ఏ ఫైల్ మీద ఎవరికి ఏ పర్మిషన్, ఏ లింక్ ఉందో మొత్తం ఎక్సెల్ లో తెరుచుకునే ఫైల్ గా ఇస్తుంది. ఆ రిపోర్ట్ ని ఎక్కడ సేవ్ చెయ్యాలో అడుగుతుంది, అప్పుడు మామూలు ఫోల్డర్ చూపించకండి, ఓనర్స్ కి మాత్రమే కనపడే ఫోల్డర్ ఒకటి ముందే చేసుకుని అందులో పెట్టండి, లేకపోతే ఎవరికి ఏం కనపడుతుందో మొత్తం చిట్టా అందరి చేతికీ ఇచ్చినట్టే.

ఆ రిపోర్ట్ లో వేరుపడ్డవి వందల్లో ఉన్నాయంటే ఇలా ఫైల్ ఫైల్ గా నడపడం ఆపాలి. ఒక లైబ్రరీలో యూనిక్ పర్మిషన్స్ కి పై హద్దు 50,000, కానీ మైక్రోసాఫ్ట్ సలహా ఇచ్చే హద్దు 5,000 మాత్రమే. ఆ అంకెలు దాటకపోయినా, మనిషి గుర్తుపెట్టుకోగలిగిన హద్దు చాలా ముందే దాటిపోతుంది, అది నా అనుభవం.

నేను పాటించేది ఏంటంటే, రహస్యంగా ఉండాల్సినవాటికి ఫోల్డర్ కాకుండా విడిగా లైబ్రరీయే పెట్టేస్తాను. తెగేది ఒక్కచోటే తెగుతుంది, పేరు చూస్తే తెలుస్తుంది, లోపల అన్నీ ఒకటే రూల్. సైట్ లో డిఫాల్ట్ షేరింగ్ లింక్ ని పీపుల్ విత్ ఎగ్జిస్టింగ్ యాక్సెస్ కి మార్పిస్తాను, దాంతో అలవాటుగా లింక్ కాపీ చేసి పంపేవాళ్ళు తెలియకుండా ఫైల్స్ ని తెంపడం ఆగుతుంది. సైట్ మెంబర్స్ షేర్ చెయ్యకుండా ఆపే సెట్టింగ్ కూడా ఉంది కానీ దాన్ని అన్నిచోట్లా పెట్టమని చెప్పను, పని చేసుకునేవాళ్ళకి దారి మూసేస్తే వాళ్ళు ఫైల్ ని మెయిల్ లో పెట్టి పంపుతారు, అప్పుడు పర్మిషన్ అనే మాటే ఉండదు.

విండోస్ సర్వర్ లో షేర్డ్ ఫోల్డర్ ఐతే

ఆలోచన అదే, కింద నుంచి పైకి ఎక్కడమే, కానీ మూడు తేడాలు. ఒకటి, అక్కడ షేర్ పర్మిషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ (డ్రైవ్ లోని ఫోల్డర్, ఫైల్ మీదే ఉండేది) అని రెండు ఉంటాయి, నెట్‌వర్క్ లో నుంచి వచ్చేవాళ్ళకి రెండిట్లో ఏది తక్కువైతే అదే నిలుస్తుంది. రెండు, అక్కడ డినై, అంటే వద్దు అని అడ్డం పెట్టే ఆప్షన్ ఉంటుంది. అదే ఫోల్డర్ మీద నేరుగా పెట్టిన డినై అన్నిటికంటే ముందు, కానీ పైనుంచి దిగిన డినై కంటే నేరుగా ఇచ్చిన అలౌ గెలుస్తుంది, ఇది తెలియక చాలామంది పైన డినై పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటారు. మూడు, అదే డ్రైవ్ లో ఫైల్ ని మూవ్ చేస్తే దానిమీద ఉన్న పాత పర్మిషన్స్ తో వచ్చేస్తుంది, కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ వి తీసుకుంటుంది. ఫోల్డర్ లో అన్నీ ఓపెన్ అవుతూ ఒక్క ఫైల్ కి మాత్రమే డినైడ్ వస్తే ఎవరో దాన్ని ఇంకో ఫోల్డర్ లోంచి లాగి పడేసి ఉంటారు. సెక్యూరిటీ ట్యాబ్ లో అడ్వాన్స్‌డ్ కి వెళ్తే ప్రతి లైన్ పక్కన ఇన్హెరిటెడ్ ఫ్రమ్ అని ఎక్కడినుంచి వచ్చిందో రాసి ఉంటుంది, పక్కనే ఎఫెక్టివ్ యాక్సెస్ ట్యాబ్ లో పేరు కొట్టి చూడొచ్చు.

సరిచేశాక

ఆ మనిషిని ప్రైవేట్ విండోలో ఫ్రెష్ గా లాగిన్ అయ్యి అదే ఫైల్ తో పాటు అదే ఫోల్డర్ లో ఇంకో ఫైల్ కూడా ఓపెన్ చెయ్యమనండి. రెండోది కూడా ఓపెన్ ఐతేనే మీరు ఫోల్డర్ ని సరిచేసినట్టు, లేకపోతే ఆ ఒక్క ఫైల్ ని అతికించారంతే. తర్వాత యాక్సెస్ ఉండకూడని ఒకరిని కూడా అదే లింక్ నొక్కమని అడగండి, వాళ్ళకి డినైడ్ రావాలి. మధ్యలో టెస్ట్ కోసం మీరు ఎక్కడైనా పేరు చేర్చి ఉంటే, ఏదైనా లింక్ చేసి ఉంటే, ట్యాబ్ మూసేముందే వెళ్ళి తీసేయండి, లింక్ చేసిన ఫైల్ ని డిలీట్ యూనిక్ పర్మిషన్స్ తో తిరిగి ఫోల్డర్ లో కలపండి.